కడిగినకొద్దీ చుక్కలు

ఆ డెయిరీలో ఆమెను అందరూ చుక్కలమ్మ అనేవారు. ఆమె పని ల్యాబ్‌లో. గాజు పళ్లెంలో సూక్ష్మజీవులకు మేతగా పల్చటి జెల్లీ పోసి, దాని మీద పాలబొట్టు వేసి, వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టేది. పాలలో బతికున్న బాక్టీరియా ఏదైనా ఉంటే అది పిల్లాజెల్లాతో పెరిగి, కంటికి కనబడే తెల్లటి చుక్క అయ్యేది. ఆ చుక్కలు లెక్కపెట్టి, ఈ పాలు మంచివి, ఈ పాలు కావు అని తేల్చాలి.

"మనకెవరైనా పట్టపగలు చుక్కలు చూపిస్తే ఏడుస్తాం. ఈవిడకి చూపిస్తే జీతమిస్తారు" అని ఫిట్టరు మేస్త్రి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. అప్పట్లో నవ్వడానికి వీలుండేది.

ఆమె భర్తకు ఒక్కతే అక్క. తల్లి పోయాక తమ్ముడిని ఎత్తుకు పెంచిన మనిషి. పెళ్లి మాట ఎత్తితే "ముందు వీణ్ణి గట్టెక్కించనీ" అంటూ వచ్చి, వాడు గట్టెక్కేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవారు. చుక్కలమ్మే మేనేజరుతో మాట్లాడి వదినను డెయిరీలో, పాలు ప్యాకెట్లలో నింపే గదిలో పనికి పెట్టించింది. వదిన శుభ్రం అలాంటిలాంటిది కాదు. స్టీలు గ్లాసులో తన ముఖం తనకు కనబడితే తప్ప మంచినీళ్లు తాగేది కాదు. ఇంట్లో గిన్నెలు ఆవిడ తోముతుంటే, "అక్కా, కాస్త చూసి తోము, కన్నం పడేలా ఉంది" అని తమ్ముడు మొత్తుకునేవాడు. కొన్నాళ్లకే ఆవిడ ఉదయం షిఫ్టుకు పెద్ద అయింది. అక్కడి ఆడవాళ్లు పెద్దక్క అని పిలిచేవారు.

మధ్యాహ్నం షిఫ్టుకు పెద్ద ఇంకొకావిడ. ఆవిడ పేరు నెమ్మది. కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, తోటివాళ్లు పెట్టింది. ఎవరి షిఫ్టు వాళ్లు పాలు వదిలేముందు పైపులూ యంత్రమూ కడుక్కోవాలి. నెమ్మది కడగడం చూస్తే పెళ్లివారి మీద పన్నీరు చల్లినట్టు ఉండేది. మోటారు మీట నొక్కి, నీళ్లు వాటంతట అవి తిరుగుతుంటే, బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుకునేది. వదిన అలా కాదు. మోటారు తిప్పే నీళ్ల మీద ఆవిడకు నమ్మకం లేదు. బ్రష్షు పట్టుకుని పైపు మూతిలోకి భుజం దాకా చెయ్యి పెట్టి రుద్దేది.

అలాంటిది, ఉన్నట్టుండి వదిన షిఫ్టు పాలలో చుక్కలు లేచాయి.

మొదటిసారి చూసినప్పుడు చుక్కలమ్మ తన చేతినే అనుమానించింది. పళ్లెం మూత తీసినప్పుడు తుమ్మానా? మళ్లీ పరీక్ష పెట్టింది. మళ్లీ చుక్కలు. నెమ్మది షిఫ్టు ప్యాకెట్లు తెచ్చి చూసింది. అవి దాదాపు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మరుసటి వారమూ అంతే. వదిన నింపిన ప్యాకెట్లు గడువుకు ముందే పులుస్తున్నాయని దుకాణాల నుంచి కబుర్లు రాసాగాయి. పాలు కాచి చల్లార్చే యంత్రం రెండు షిఫ్టులకూ ఒకటే. అక్కడి నుంచి వచ్చే పాలు పరీక్షిస్తే శుభ్రంగానే ఉన్నాయి. నింపే గదిలోకి వచ్చాకే ఏదో జరుగుతోంది. అదీ ఆవిడ ఉన్నప్పుడే.

బాగా కడిగేవాళ్ల పాలు పాడవడమేమిటి, కడగనివాళ్ల పాలు బాగుండడమేమిటి? ఆమెకు తల తిరిగింది.

మేనేజరుకు మాత్రం ఏ గందరగోళమూ లేదు. "ఇందులో తికమక ఏముందమ్మా? ఆవిడ చేతుల్లో ఏదో ఉంది. గోళ్లలోనో, పుండులోనో. పరీక్ష చెయ్యి."

"ఆవిడ మా వదినండీ."

"అందుకే నిన్ను చెయ్యమంటున్నా. వేరేవాళ్లు చేస్తే బాగుండదు."

ఆ మాట వినడానికి మర్యాదగానే ఉంది. చేయడానికి వచ్చేసరికి ఆమె ఏవో వేరే పనులు పెట్టుకుని వాయిదా వేసింది. చివరికి తడి దూది చుట్టిన పుల్లలు పట్టుకుని నింపే గదికి వెళ్లింది. నలుగురు ఆడవాళ్లు చూస్తుండగా, "వదినా, చేతులు ఒకసారి చూపించండి" అంది.

వదిన రెండు చేతులూ చాచింది. సబ్బుకూ సోడాకూ ఒరుసుకుపోయిన చేతులు. చుక్కలమ్మ వేళ్ల సందుల్లో, గోళ్ల కింద పుల్లలు తిప్పింది. చివరి పుల్ల సీసాలో పెట్టాక వదిన మెల్లగా అంది: "ఈ చేతులతోనే పొద్దున నీకు కాఫీ కలిపిచ్చాను అమ్మాయ్."

ఆ పుల్లల్లో ఏమీ తేలలేదు. ఒక్క చుక్క కూడా లేదు. ఆ డెయిరీలో అంత శుభ్రమైన చేతులు ఇంకెవరికీ లేవు, చుక్కలమ్మకు కూడా. కానీ అదే రోజు ఆవిడ నింపిన పాలలో మళ్లీ చుక్కలు.

"చేతులు కాకపోతే ఊపిరి" అన్నాడు మేనేజరు. "ఏదైతేనేం, ఆవిడని అక్కణ్ణుంచి తీసెయ్యండి." వదినను ఖాళీ ట్రేలు కడిగే షెడ్డుకు మార్చారు. షెడ్డు యంత్రాలకు దూరంగా, గోడవతల ఉంటుంది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మాటలు ఆగిపోయాయి. వదిన ఏం చెప్పాలన్నా తమ్ముడితో చెప్పేది. "మీ ఆవిడ టిఫిను డబ్బా మూత మరిచిపోయింది. ఇవ్వు" అనేది, ఆమె పక్కనే నిలబడి ఉండగా. ఆమె మూత అందుకుని, "థాంక్స్ చెప్పండి మీ అక్కకి" అనేది. ఇద్దరి మధ్య అతను అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. డ్రైవింగు స్కూల్లో రోజంతా కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని వచ్చే మనిషి, ఇంటికొచ్చి మళ్లీ అదే పని.

"నిజంగా అక్క వల్లేనంటావా?" అని ఒకసారి వంటింట్లో గొంతు తగ్గించి అడిగాడు.

"తెలీదు."

"నువ్వే కదా పరీక్ష చేసింది. నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"చేతులు చూస్తే ఆవిడ కాదు. పాలు చూస్తే ఆవిడే. నేనేం చెప్పను?"

"పోనీ, పాల తప్పు అను" అన్నాడు అతను. ఆమెకు నవ్వు రాలేదు.

వదిన వెళ్లాక చుక్కలు తగ్గాయి. ఉదయం షిఫ్టును నెమ్మది చెల్లెలు చూసుకుంటోంది. అక్కకు తగ్గ చెల్లెలు, బల్ల మీద పక్కపక్కనే కాళ్లు ఊపగలదు. పళ్లేలు తెల్లగా, ఖాళీగా వస్తున్నాయి. డెయిరీ అంతా తల పంకించింది. చుక్కలమ్మ కూడా ఊపిరి పీల్చుకుంది. అలా పీల్చుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక మనిషిది తప్పని తేలితే ఇంత హాయిగా ఉంటుందా?

ఆ హాయి ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక ఉదయం బేకరీ నడిపే పెద్దాయన అల్యూమినియం గిన్నెతో సరాసరి ల్యాబ్‌లోకి వచ్చాడు. గరిట ముంచి పైకెత్తాడు. పాలు చుక్కలుగా రాలలేదు. జిగురులా తీగ సాగాయి. గరిట పైకి పోయినకొద్దీ తీగ పొడవయింది.

"మీ పాలే. రాత్రంతా ఫ్రిజ్జులోనే ఉన్నాయి. ఇవి పాలా, కాగితాలు అతికించే బంకా? ఏమనుకోమంటారు?"

ఆయన వెంట తెచ్చిన ఖాళీ ప్యాకెట్ల మీద తేదీ ముద్ర చూసింది చుక్కలమ్మ. ఉదయం షిఫ్టు. వదిన షెడ్డులో ట్రేలు కడుగుతున్న రోజుల్లోవి.

ఆ రోజు ఆమె అన్నం డబ్బా తెరవలేదు. వదిన ఉంటే చుక్కలు, వదిన లేకపోతే తీగలు. ఒకదాని కంటే ఇంకొకటి అధ్వాన్నం. పుల్లలు పట్టుకుని నింపే గదిలో అందిన చోటల్లా తుడిచింది. గొట్టాల మూతులు, మీటలు, గోడలు, బల్ల, చివరికి నెమ్మది చెప్పులు కూడా. చెప్పుల మీద తప్ప ఎక్కడా ఏమీ తేలలేదు. కడిగాక తుడిస్తే యంత్రం శుభ్రం. పాలు వదిలితే పాలు పాడు. మేత పాడయిందేమోనని కొత్త మేత కలిపింది. పెట్టె వేడి సరిగా లేదేమోనని వేరే థర్మామీటరు పెట్టింది. తన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చూసింది. చదువుకున్నదంతా ఒకవైపు, కళ్ల ముందున్నది ఒకవైపు. నెమ్మది తొంగిచూసి, "దిష్టేమో అమ్మా" అంది. చుక్కలమ్మ దాని గురించి కూడా ఒక్క క్షణం ఆలోచించింది. అంతవరకూ వచ్చింది ఆమె పరిస్థితి.

చివరికి ఆమెకు ఒకటే దారి కనబడింది. గోడవతలికి వెళ్లింది. వదిన ట్రేల మీద నీళ్లు కొడుతోంది. ఆవిరి మధ్య ఎర్రగా కమిలిన ముఖం.

"వదినా, ఒకసారి నింపే గదికి రావాలి. మీరు రోజూ ఎలా కడిగేవారో అలాగే కడగాలి. ఒక్కసారి."

వదిన తమ్ముడి కోసం అటూ ఇటూ చూసింది. అక్కడ తమ్ముడు లేడు. ఇక సొంతంగా మాట్లాడక తప్పలేదు.

"ఎందుకు? నా ఊపిరి పరీక్ష చేస్తావా ఈసారి?"

"లేదు. నాకేమీ అర్థం కావడంలేదు వదినా. మీరు లేకపోయినా పాలు పాడయ్యాయి. ఇంకా ఎక్కువ పాడయ్యాయి. మీరుంటే ఎందుకు చుక్కలొచ్చాయో, లేకపోతే ఎందుకు రాలేదో, ఇప్పుడెందుకు తీగ సాగుతున్నాయో నాకు తెలీదు."

"తెలీకుండానే నన్నిక్కడికి పంపావా?"

వదిన గొట్టం కట్టేసి, చేతులు చీరకు తుడుచుకుని, ముందు నడిచింది.

అంతకుముందు షిఫ్టు పాలు అప్పుడే ఆగాయి. పైపుల్లో పాలజిడ్డు అలాగే ఉంది. మేనేజరు, మేస్త్రి, నెమ్మది గోడవారగా నిలబడ్డారు. వదిన మీట తిప్పింది. చుక్కలమ్మ ప్రతి దశలోనూ సీసాలో కొంచెం నీళ్లు పట్టుకుంది. వదిన మొదట బాయిలరు వేణ్నీళ్లు వదిలింది. తర్వాత సోడా, తర్వాత ఆమ్లం, మళ్లీ నీళ్లు. ఆ తర్వాత బ్రష్షు తీసుకుని పైపు మూతిలోకి చెయ్యి పోనిచ్చి, మోకాలు యంత్రానికి తన్నిపెట్టి రుద్దింది. రుద్దుతుంటే పైపు జాయింటు కొంచెం కదలడం చుక్కలమ్మ చూసింది. అప్పుడు పాలు వదిలారు. ఆ మొదటి పాలు సీసాలోకి పట్టింది.

పళ్లేలు పండేదాకా ఆగాలి. పండాక, ఒక పొద్దున వాటిని నింపే గదికే తెచ్చి అందరి ముందూ చూస్తే, బ్రష్షుకు ముందు పట్టిన నీళ్లలో దాదాపు ఏమీ లేదు. బ్రష్షు తర్వాత వచ్చిన పాలలో, లెక్కపెట్టడానికి వీల్లేనన్ని చుక్కలు.

"చూశావా!" అన్నాడు మేనేజరు. "ఆవిడ చెయ్యి పెడితేనే వస్తున్నాయి. నేను చెప్పిందే!"

చుక్కలమ్మ ఆ పళ్లేన్ని అలాగే పట్టుకుని నిలబడింది. ఆవిడ చెయ్యి పెడితే వస్తున్నాయి. నిజమే. కానీ ఆ చేతుల మీద ఏమీ లేదు. రుద్దకముందు బ్రష్షు మీదా లేదు, అదీ చూసింది. మరి చెయ్యి పెట్టినప్పుడు కదిలిందేమిటి?

"మేస్త్రీ, ఆ జాయింటు విప్పండి" అంది.

"దాన్ని విప్పి చాలా కాలమైందమ్మా. కారడంలేదు కదా, ఎందుకు విప్పడం?"

"విప్పండి."

మేస్త్రి పానా పెట్టి తిప్పాడు. రెండు పైపుల మధ్య నల్లటి రబ్బరు రింగు. లోపలి అంచు అరిగి, వెనక సన్నటి సందు పడింది. రింగు లాగితే, వెనకాల ఉక్కు మామూలుగానే మెరిసింది. ఏమీ లేదనుకున్నారు. చుక్కలమ్మ వేలు పెట్టింది. వేలు జారింది. రెండు వేళ్ల మధ్య రుద్దితే, నూనె కాదు, నీళ్లు కాదు, చేప ఒంటి మీది జిగురులాంటిది.

అది బయోఫిల్మ్ అని ఆమెకు తెలుసు. పుస్తకాల్లో చదివింది, పరీక్షల్లో రాసింది, కానీ వేలితో తాకడం అదే మొదటిసారి. విడిగా తిరిగే బాక్టీరియా సోడాకు చస్తుంది. అదే గుంపుగా ఒకచోట అతుక్కుంటే, తన చుట్టూ తానే జిగురు కక్కుకుని ఇల్లు కట్టుకుంటుంది. సోడా వచ్చి పైకప్పు తడిపి పోతుంది. లోపలివాళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. వదిన రుద్దినప్పుడల్లా అరిగిన రింగు కదిలి, ఆ ఇంటి పెచ్చులు ఊడి పాలలో పడ్డాయి. నెమ్మది రుద్దలేదు కాబట్టి పెచ్చులు ఊడలేదు, పాలు బాగున్నట్టు కనబడ్డాయి. వదినను తీసేశాక కదిలించే చెయ్యే లేక అది లోపల్లోపల దళసరెక్కి, బరువుకు దానంతట అదే తెగి, బేకరీ గిన్నెలో తేలింది.

"అంటే మా పెద్దక్క తప్పేం లేదన్నమాట!" అన్నాడు మేస్త్రి గట్టిగా. రింగు మార్చాల్సిన మనిషి తనేనన్న సంగతి ఆ గట్టిదనంలో కొట్టుకుపోతుందనుకున్నాడేమో.

వదిన వంగి, ఆ సందులో గోటితో గీకింది. లోలోపల, జిగురు కింద, పసుపుపచ్చటి గట్టి పొర. "ఇదేంటి, అడుగంటిన పాలగిన్నెలా ఉంది?" అంది.

చుక్కలమ్మ కూడా వంగి చూసింది. చూస్తూ చూస్తూ ఆమెకు వదిన మొదట వదిలిన వేణ్నీళ్లు గుర్తొచ్చాయి. పాలజిడ్డు మీద ముందుగా గోరువెచ్చటి నీళ్లు పోయాలి. జిడ్డంతా పోయాక వేడి. ముందే సలసలకాగే నీళ్లు కొడితే, పాలు ఉక్కుకు ఉడికి అతుక్కుంటాయి. ఆ అతుకు మీద బాక్టీరియాకు కాలు నిలుస్తుంది.

"వదినా" అంది, ఎలా అడగాలో తెలియక. "మొదట వేణ్నీళ్లు... రోజూ అలాగే కొట్టేవారా?"

"కొట్టకపోతే జిడ్డెలా పోతుంది? చల్లనీళ్లతో ఎవరైనా కడుగుతారా?" అంది వదిన. ఆ తర్వాత ఆమె ముఖం చూసింది. తన వేలి చివరి పసుపు పొడి చూసుకుంది.

మధ్యాహ్నం మేనేజరు చుక్కలమ్మను గదిలోకి పిలిచాడు. "పైవాళ్లకి చెప్పాలి. కారణం ఏమిటో ఒక్క మాటలో చెప్పు. ఎవరి వల్ల?"

"రింగు అరిగిందండీ."

"అయితే మేస్త్రి."

"రింగు ఒక్కటే అయితే ఇంత అయ్యేది కాదు. వేణ్నీళ్లు ముందు కొట్టడం కూడా."

"అయితే మీ వదిన."

"ఆవిడే రుద్దకపోతే మనకు తెలిసేదే కాదండీ. రుద్దనివాళ్లు..."

"అయితే నెమ్మది."

"నెమ్మది రుద్దకపోయినా రింగు బాగుంటే..."

"అమ్మా తల్లీ" అన్నాడు మేనేజరు రెండు చేతులూ జోడించి, "పొద్దున నాకు బాగా అర్థమైంది. నువ్వు విడమరిచి చెప్పేసరికి ఏమీ అర్థం కాకుండా పోయింది."

సాయంత్రం బస్సులో వదిన ఆమె పక్క సీటులోనే కూర్చుంది. అంతకుముందు చాలా రోజులుగా వెనక సీటులో కూర్చునేది. టిక్కెట్లు తీసుకున్నాక అడిగింది: "తప్పు నాదా, కాదా? సూటిగా చెప్పు."

"కాదు వదినా." అంతలోనే, "కొంత అవును" అంది చుక్కలమ్మ.

"ఎంత?"

"తెలీదు. దాన్ని లెక్కపెట్టే పళ్లెం లేదు."

"నేను బాగు చేస్తున్నాననుకుని పాడు చేశాను. అది మాత్రం నిజమేనా?"

"పాడు చేశారు. అది బయటపెట్టిందీ మీరే. రెండూ నిజమే."

వదిన తల అడ్డంగా ఊపింది. "నాకు బుర్రకెక్కడంలేదు అమ్మాయ్."

"నాకూ పూర్తిగా ఎక్కలేదు" అంది ఆమె. తర్వాత, చేతులు చాపమన్న ఆ రోజు గురించి ఏదో అనబోయింది. వదిన ఆమె ఒళ్లోని బరువు సంచీ తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

రింగులన్నీ మార్చారు. ఇక నుంచి కొన్నాళ్లకోసారి జాయింట్లు విప్పాలని నియమం పెట్టారు. ముందు గోరువెచ్చటి నీళ్లు, వేడి చివర్లోనే అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. పాలు బాగుపడ్డాయి. బేకరీ పెద్దాయన మళ్లీ కొనడం మొదలుపెట్టాడు, గరిటెత్తి చూశాకే అనుకోండి. నెమ్మది చేతికి బ్రష్షు ఇచ్చారు. దాన్ని ఆవిడ అప్పుడప్పుడూ తడిపేది.

వదిన నింపే గదికి తిరిగి వచ్చింది. కానీ మునుపటి చెయ్యి కాదు. మీట దగ్గర నిలబడి, గోడ మీది అక్షరాలు చదివి, మళ్లీ ల్యాబ్ వైపు కేకేసేది: "అమ్మాయ్, వెచ్చనేనా ముందు?" జవాబు తెలిసినా అడిగేది. ఇంట్లో కూడా పాలగిన్నె పట్టుకుని కుళాయి దగ్గర ఆగిపోయేది. "కడుగక్కా, అది గిన్నె, పరీక్ష పేపరు కాదు" అని తమ్ముడు నవ్వించబోయేవాడు. నవ్వేది కానీ, వెంటనే కడిగేది కాదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఉదయం షిఫ్టు పాలలో మళ్లీ చుక్కలు కనబడ్డాయి. ఎక్కువేం కాదు. కానీ ఉన్నాయి. చుక్కలమ్మ పళ్లెం తీసుకుని సరాసరి వదిన దగ్గరికే వెళ్లింది. ఇద్దరూ కలిసి జాయింటు విప్పించారు. కొత్త రింగు. వెనకాల వేలు పెట్టారు, ముందు ఒకరు, తర్వాత ఒకరు. ఉక్కు ఉక్కులాగే ఉంది, వేలు పట్టి ఆగింది, జారలేదు. రెండో జాయింటు విప్పించారు. అక్కడా ఏమీ లేదు.

"మరెక్కణ్ణుంచి వచ్చాయి?" అంది వదిన.

"తెలీదు."

"నేను చేసిందేమైనా..."

"తెలీదు వదినా. మూడోది కూడా విప్పిద్దాం."

మూడోదీ శుభ్రంగానే ఉంది. మరునాటి పాలలో చుక్కలు లేవు, ఆ తర్వాతా రాలేదు. ఆ ఒక్కరోజు ఎందుకు వచ్చాయో ఆ డెయిరీలో ఎవరికీ అంతుపట్టలేదు.